మొదటి సీరియస్ వార్‌గేమ్ ఏది తీసుకోవాలి, ఆ 40 పేజీల రూల్‌బుక్‌ని ఎలా దాటాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీరిద్దరు ఫ్రెండ్స్, చెస్ బాగా ఆడతారు, రిస్క్ అనే బోర్డ్ గేమ్ ఆడీ ఆడీ విసుగొచ్చేసింది, కంప్యూటర్ మీద స్ట్రాటజీ గేమ్‌లు అలవాటే, ఇప్పుడు బోర్డు మీద అసలైన వార్‌గేమ్ ఒకటి మొదలుపెట్టాలి. లిస్టులో ట్వైలైట్ స్ట్రగుల్, పాథ్స్ ఆఫ్ గ్లోరీ, అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ ఉన్నాయి. ఏది కొనాలి, 40 పేజీల రూల్‌బుక్ చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి ఎలా నేర్చుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్పేస్తా. మూడింట్లో ట్వైలైట్ స్ట్రగుల్ కొనండి. అది ఇంటికి వచ్చేలోపు బ్యాటిల్ ఫర్ మాస్కో అనే చిన్న గేమ్ ప్రింట్ తీసుకుని రెండుసార్లు ఆడండి. పాథ్స్ ఆఫ్ గ్లోరీ ఆ తర్వాతి మెట్టు. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ పూర్తి సెట్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

ఎందుకో చెప్పేముందు ఒక మాట. నేను పదిహేనేళ్ల పైనుంచి ఈ పిచ్చిలో ఉన్నా, నా షెల్ఫ్‌లో సగం పెట్టెలు ఒక్కసారే తెరిచినవి. అవేమీ చెత్త గేమ్‌లు కావు, కొన్నయితే చాలా పేరున్నవి. కానీ వాటిని కొనేటప్పుడు "ఇది ఎంత గొప్ప గేమ్" అని చూశా గానీ "దీన్ని నాతో మూడోసారి ఆడే మనిషి ఎవరు" అని చూడలేదు. వార్‌గేమ్‌లో మొదటి ఆట మొత్తం రూల్స్ వెతుక్కోడానికే పోతుంది, రెండో ఆటలో చేసిన తప్పులు తెలుస్తాయి, అసలు ఆట మొదలయ్యేది మూడోసారికి. కాబట్టి మీరిద్దరూ మూడోసారి కూర్చునే గేమ్ ఏదో అదే మీకు మంచి గేమ్, పెట్టె మీద ఏ యుద్ధం బొమ్మ ఉన్నా సరే.

ఇక కాంప్లెక్స్ అనే మాట గురించి. జనం దీన్ని రెండు వేరువేరు విషయాలకి కలిపి వాడేస్తుంటారు. ఒకటి, గుర్తుపెట్టుకోవాల్సిన రూల్స్ ఎన్ని అనేది. రెండోది, రూల్స్ వచ్చేశాక ఏ ఎత్తు వేయాలో తేల్చుకోవడం ఎంత కష్టం అనేది. చెస్ చూడండి, రూల్స్ అరగంటలో వచ్చేస్తాయి, ఆట మాత్రం జన్మంతా నేర్చుకున్నా తీరదు. దానికి ఇంకో చివర ద క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా అని 1979లో వచ్చిన గేమ్ ఒకటుంది, మొత్తం ఆడాలంటే 1500 గంటలు పడుతుందంటారు, అందులో ఇటలీ సైనికులు పాస్తా ఉడకబెట్టుకోడానికి విడిగా నీళ్ల లెక్క కూడా ఉంటుంది! చెప్పుకుని నవ్వుకోడానికి బాగుంటుంది, ఆడటానికి కాదు. బోర్డ్‌గేమ్‌గీక్ సైట్‌లో 5కి ఇచ్చే వెయిట్ అంకె చూసి చాలామంది గేమ్ ఎంచుకుంటారు, కానీ ఆ ఒక్క అంకెలో ఈ రెండు రకాల బరువూ కలిసిపోయి ఉంటుంది, అందుకే దాన్ని నమ్ముకుని కొంటే మోసపోతాం. మీరు చెస్ ఆడేవాళ్లు, రెండో రకం బరువు మీకు అలవాటే. మీకు భయం మొదటి రకంతో. అలాంటప్పుడు రూల్స్ తక్కువ, ఆలోచన ఎక్కువ ఉన్న గేమ్ దగ్గర మొదలుపెట్టడం న్యాయం.

ట్వైలైట్ స్ట్రగుల్ సరిగ్గా అదే. 2005లో జీఎమ్‌టీ గేమ్స్ వేసింది, డిజైన్ చేసింది అనంద గుప్తా, జేసన్ మాథ్యూస్. 1945 నుంచి 1989 దాకా అమెరికా, సోవియట్‌ల కోల్డ్ వార్, 10 టర్న్‌లు. ఒక కార్డు వేస్తారు, దాని మీదున్న పాయింట్లతో దేశాల్లో పలుకుబడి పెంచుకుంటారు, లేదా ఎక్కడో ఒకచోట కుట్ర చేసి ప్రభుత్వాన్ని కూల్చాలని చూస్తారు. రూల్స్ పరంగా ఇంతకుమించి పెద్దగా లేదు. మెలిక ఎక్కడంటే మీ చేతిలో సగం కార్డులు అవతలివాడికి మేలు చేసేవే ఉంటాయి, అవి మీరు వేస్తే పాయింట్లు మీకు వస్తాయి, కార్డు మీది సంఘటన మాత్రం వాడి పక్షాన జరిగిపోతుంది. అంటే ప్రతి టర్న్‌లో మీ బుర్రంతా "ఈ దెబ్బ ఎలాగూ తినాలి, ఎప్పుడు తింటే తక్కువ నొప్పి" అనే లెక్క మీదే ఉంటుంది. ఇలాంటి టెన్షన్ నాకు వేరే ఏ గేమ్‌లోనూ ఈ స్థాయిలో దొరకలేదు.

నా సొంత కథ ఒకటి చెప్తా. నాలుగో ఆటో ఐదో ఆటో, నేను సోవియట్, గెలుపు పాయింట్లలో బాగా ముందున్నా. అణుయుద్ధానికి ఎంత దగ్గర్లో ఉన్నామో చూపించే డెఫ్‌కాన్ అప్పటికి 2లో ఉంది, అది 1కి పడితే ఆ క్షణంలో ఎవరి వంతు నడుస్తుంటే వాళ్లు ఓడిపోయినట్టు. నా చేతిలో సీఐఏ క్రియేటెడ్ అనే కార్డు ఉంది, ఒకే ఒక్క పాయింట్ కార్డు, దీనివల్ల ఏమవుతుందిలే అని వేసేశా. దాని సంఘటన ఏంటంటే అమెరికా నా చేతిలోని కార్డులు చూసి, ఒక పాయింట్ కార్డు వేసినట్టు ఒక పని చేసుకోవచ్చు. వాడు నవ్వుతూ అంగోలాలో కుట్ర చేశాడు. అంగోలా లాంటి కీలకమైన దేశంలో కుట్ర జరిగితే డెఫ్‌కాన్ ఒకటి తగ్గుతుంది. కుట్ర చేసింది వాడు, వంతు నాది, ఓడింది నేను. అక్కర్లేని కార్డుల్ని స్పేస్ రేస్‌లోకి పంపి వదిలించుకునే దారి ఉంది గానీ దానికి కనీసం 2 పాయింట్ల కార్డు కావాలి, ఇదేమో 1. అలాంటి కార్డుని డెఫ్‌కాన్ పైన ఉన్నప్పుడే వేసేయాలి, లేదా టర్న్ చివర్లో మిగిలే ఒక్క కార్డుగా దాచుకోవాలి అని ఆ రోజు నెత్తికెక్కింది. రూల్‌బుక్ ఎన్నిసార్లు చదివినా ఇది రాదు, కాలితేనే వస్తుంది. మీరు మాత్రం మొదటి ఆటకి ముందే అవతలివాడికి మీ వంతులో కుట్ర చేసే అవకాశం ఇచ్చే కార్డులు ఏవేవో చూసి పెట్టుకోండి, అంతమాత్రం సాయం పుచ్చుకుంటే తప్పులేదు.

ఇంకోటి, మొదట్లో సోవియట్‌కి కాస్త మొగ్గు ఉంటుంది. అందుకే పోటీల్లో అమెరికాకి అదనంగా 2 పలుకుబడి పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టడం మామూలు. మీ ఇద్దరిలో ముందు రూల్స్ నేర్చుకున్నవాళ్లు అమెరికా తీసుకుంటే సరిపోతుంది, ఆ లెక్కలు తర్వాత.

కానీ ఒక లోటు ఉంది, దాచను. మీరు "మ్యాప్ మీద సైన్యాలు కదపాలి, చుట్టుముట్టాలి" అని కూడా రాశారు కదా, ట్వైలైట్ స్ట్రగుల్‌లో సైన్యాలే లేవు. ట్యాంకులు లేవు, ఫ్రంట్ లైన్ లేదు. ఇది వార్‌గేమేనా కాదా అని పాతకాపులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉంటారు. అందుకే పక్కన బ్యాటిల్ ఫర్ మాస్కో పెట్టా.

అది ఫ్రాంక్ చాడ్విక్ 1986లో కొత్తవాళ్ల కోసమే చేసిన గేమ్. రూల్స్ నాలుగైదు పేజీలు, 7 టర్న్‌లు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అట్టముక్కకి అంటించి కత్తిరించుకుంటే చాలు. 1941 చివర్లో జర్మన్లు మాస్కో మీదికి వస్తున్నారు, ఆఖర్న మాస్కో చేతిలో ఉంటే జర్మన్ల గెలుపు. మధ్యలో బురద టర్న్‌లు వచ్చి జర్మన్ల కాళ్లు కట్టేస్తాయి. ఇందులో ఒక వింత, దాడి ముందు, మామూలు కదలిక తర్వాత. జర్మన్ల పక్షంలో ప్యాంజర్లు, అంటే ట్యాంకు దళాలు, ఒక్కటే దాడికి ముందు కూడా కదులుతాయి. అంటే ఈ టర్న్‌లో కాళ్ల మీద నడిచే దళాన్ని ఎక్కడ నిలబెడతారో వచ్చే టర్న్‌లో దాని దాడి అక్కడినుంచే, ప్యాంజర్లతో మాత్రం ఎక్కడ సందు ఉంటే అక్కడ దూరొచ్చు. ఈ ఒక్క రూల్‌తోనే మెరుపుదాడి అంటే ఏంటో ఒంటికి తెలుస్తుంది.

దీన్ని రెండుసార్లు ఆడితే హెక్స్ గేమ్‌ల భాష వచ్చేస్తుంది. ఈ భాషకి మూలం ఛార్లెస్ రాబర్ట్స్, 1954లో టాక్టిక్స్ అనే గేమ్ అమ్మి తర్వాత ఆవలాన్ హిల్ కంపెనీ పెట్టినాయన. ఆరు మూలల హెక్స్ గళ్లు 1961 ప్రాంతంలో ఆ కంపెనీ గేమ్‌ల్లోకి వచ్చాయి, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ వ్యాకరణం పెద్దగా మారలేదు. కౌంటర్ అంటే ఒక దళాన్ని చూపించే చిన్న అట్టముక్క, దాని మీది అంకెల్లో ఒకటి బలం, ఇంకోటి ఎన్ని గళ్లు కదులుతుందో. లోపల గుణకారం గుర్తులా ఉంటే కాలిబలం, కోడిగుడ్డు ఆకారం ఉంటే ట్యాంకులు. శత్రువు పక్క గడిలోకి వెళ్తే ఆగిపోవాలి, దాన్నే జోన్ ఆఫ్ కంట్రోల్ అంటారు. దాడి చేసేవాళ్ల బలాన్ని కాచుకునేవాళ్ల బలంతో భాగించి, వచ్చిన నిష్పత్తి కింద టేబుల్‌లో డైస్ అంకె చూస్తారు.

ఆ భాగహారం దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే చెస్ ఆడేవాళ్లు పొరపడేది ఇక్కడే. నిష్పత్తిలో మిగిలిన భిన్నం ఎప్పుడూ కాచుకునేవాళ్లకే లాభం. 4 బలం ఉన్నవాడి మీదికి 11 బలంతో వెళ్తే అది 2:1 మాత్రమే, మిగతా 3 దండగ. ఎక్కడినుంచో ఇంకో 1 లాక్కొస్తే 12, అది 3:1, టేబుల్‌లో వేరే వరస, ఫలితాలన్నీ మారిపోతాయి. కాబట్టి ఆట అంతా "ఎక్కడ బలంగా ఉన్నా" అని కాదు, "ఏ ఒక్క పాయింట్ ఎక్కడినుంచి తీసి ఎక్కడ పెడితే రెండుచోట్లా వరస మారుతుంది" అనేది. మొదటి టర్న్‌లో కాగితం మీద లెక్క వేసుకోండి, సిగ్గుపడాల్సిన పని లేదు, నేను ఇప్పటికీ వేసుకుంటా.

డైస్ అంటే చెస్ వాళ్లకి ఒళ్లుమంట అని తెలుసు. నా పాత పార్ట్‌నర్ ఒకాయన మంచి చెస్ ప్లేయర్, మొదటి ఆటలో వరసగా మూడు 1లు పడేసరికి "ఇది అదృష్టం ఆట, నాకొద్దు" అని లేచిపోయాడు. నిజానికి ఆయన ఆట మొత్తాన్ని ఒకే దాడి మీద పందెం కాశాడు, ఆ దాడి పోతే ఏం చెయ్యాలో ఆలోచించుకోలేదు. డైస్ ఉన్న ఆటలో నేర్పు అంటే అదే, రెండు దాడులు పోయినా నిలబడేలా ప్లాన్ వేసుకోవడం, వెనకాల ఒక్క దళాన్నైనా ఖాళీగా అట్టిపెట్టుకోవడం. మీ ఇద్దరిలో ఎవరికైనా డైస్ అస్సలు పడదంటే ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే ట్వైలైట్ స్ట్రగుల్‌లో కూడా కుట్రలకి డైస్ ఉంటుంది.

పాథ్స్ ఆఫ్ గ్లోరీ విషయం. 1999, టెడ్ రైసర్ డిజైన్, మొదటి ప్రపంచ యుద్ధం. నాకు మూడింట్లో మనసుకి బాగా దగ్గరైంది ఇదే, అయినా మీకు మొదటిదిగా వద్దంటున్నా. ప్రతి కార్డునీ నాలుగు రకాలుగా వాడొచ్చు: దళాల్ని కదపడానికి, దూరం తరలించడానికి, పోయిన బలం తిరిగి నింపడానికి, లేదా సంఘటనగా. ఏం చేసినా మిగతా మూడూ పోయినట్టే. 20 టర్న్‌లు, టర్న్‌కి చెరి 6 వంతులు, పూర్తి ఆట ఒక రోజు మింగేస్తుంది. వీటన్నిటికంటే అసలు ముల్లు సప్లై, అంటే దళాలకి వెనకనుంచి తిండీ మందుగుండూ అందే దారి. నేను మొదటిసారి జర్మన్లతో ఆడుతూ రష్యా లోపలికి దూసుకుపోయి తెగ మురిసిపోయా, నా రెండు ఆర్మీల వెనక ఖాళీ వదిలేశా, అందులోకి ఒక చిన్న రష్యన్ దళం వచ్చి కూర్చుంది. టర్న్ చివరికి సప్లై దారి లేదు, ఆ రెండు ఆర్మీలూ పోయాయి, అలా పోయినవి మళ్లీ కట్టుకోడానికి కూడా రావు. ఆరు గంటల ఆట ఒక్క గడి వల్ల మునిగింది. కొత్తలో ఇలాంటి దెబ్బ తగిలితే చాలామంది పెట్టె మూసేస్తారు. బ్యాటిల్ ఫర్ మాస్కోలో అయితే గంటన్నరలో ఓడిపోయి ఇంకోటి మొదలుపెట్టొచ్చు.

అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ 1985 నాటిది. రూల్‌బుక్ కాదు, రింగులున్న బైండర్! ఒక్కో స్క్వాడ్ (చిన్న సైనికుల జట్టు) కౌంటర్ మీద 4-6-7 లాంటి మూడు అంకెలు, తుపాకీ బలం, ఎంత దూరం కొడుతుంది, ధైర్యం ఎంత అని. ఒక్క టర్న్‌లో 8 దశలు. ఇది ఒక గేమ్ కొనడం కాదు, ఒక వ్యాపకంలోకి కాపురానికి వెళ్లడం, మిగతా గేమ్‌లు ఆడటానికి ఇంక టైమ్ మిగలదు. ఆ స్థాయి యుద్ధమే మీకు ఇష్టం అనుకుంటే దాని స్టార్టర్ కిట్ 1 తీసుకోండి, 2004లో వచ్చింది, అందులో కాలిబలం వరకే ఉంటుంది, రూల్స్ పల్చగా ఉంటాయి, ట్యాంకులూ ఫిరంగులూ తర్వాతి కిట్‌లలో వస్తాయి. అది కూడా ఎక్కువే అనిపిస్తే 2019లో వచ్చిన అన్‌డాంటెడ్ నార్మండీ చూడండి, కార్డులతో నడుస్తుంది, ఒక సీనారియో, అంటే ఒక విడి పోరాటం, గంటలో అయిపోతుంది. మెమాయిర్ 44 ఇంకా తేలిక, మీలాంటివాళ్లకి నెలలో తీరిపోతుందేమో గానీ ఇంట్లో ఇంకెవరినైనా ఈ రొంపిలోకి దించాలంటే దానికి మించింది లేదు.

సరే, నేర్చుకోవడం సంగతి. రూల్‌బుక్‌ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవొద్దు. వార్‌గేమ్ రూల్స్ 5.1, 5.11, 5.12 అని నంబర్లతో ఎందుకుంటాయంటే అవి వెతుక్కోడానికి రాసినవి, నిఘంటువు లాగా. నిఘంటువుని ఎవరైనా మొదటి పేజీనుంచి చదువుతారా? నేను మొదట్లో రెండు వారాలు కూర్చుని ఒక 40 పేజీల పుస్తకం అండర్‌లైన్ చేసుకుంటూ చదివా, ఫ్రెండ్‌ని పిలిచి ముప్పావుగంట లెక్చర్ ఇచ్చా, పాపం వాడు తల ఊపుతూ విన్నాడు, మొదటి టర్న్‌లో "ఇప్పుడు నేనేం చెయ్యాలి" అని అడిగాడు. ఆ తర్వాత ఆ గేమ్ పేరెత్తితే వాడికి ఏదో ఒక పని పడేది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి వేరు. ముందు టర్న్‌లో ఏ పని తర్వాత ఏ పని అనే ఒక్క పేజీ చదువుతా, సీక్వెన్స్ ఆఫ్ ప్లే అని ఉంటుంది. తర్వాత గెలుపు ఎలాగో చదువుతా, చాలామంది దీన్ని ఆఖర్న చదువుతారు, అది తప్పు, ఎందుకు ఆడుతున్నామో తెలియకుండా ఎలా కదపాలో తెలిసి లాభం ఏంటి. వెంటనే బోర్డు పరిచి కౌంటర్లు పెట్టేసి, రెండు పక్షాలూ నేనే అయి ఒక టర్న్ ఆడతా. ఒక దళాన్ని చేతిలోకి తీసుకున్నాక "ఇది నది దాటొచ్చా" అనే ప్రశ్న వస్తుంది, అప్పుడు ఆ రూల్ వెతికి చదువుతా. అలా చదివిన రూల్ ఇక మర్చిపోను. ఆ ఒక్క టర్న్‌కి రెండు గంటలు పట్టినా ఫర్వాలేదు, తర్వాత అన్నీ తీసేసి మళ్లీ మొదట్నుంచి పెట్టేస్తా, గెలుపోటములు ఎవడిక్కావాలి. 1977లో వచ్చిన పాత స్క్వాడ్ లీడర్‌లో ఈ సంగతి తెలిసే పెట్టారు, కొన్ని రూల్స్ చదవండి, మొదటి సీనారియో ఆడండి, ఇంకొన్ని చదవండి, రెండోది ఆడండి అని. మీ గేమ్‌లో అలా లేకపోతే మీరే అలా ముక్కలు చేసుకోండి, వాతావరణం, విమానాలు, ఐచ్ఛికం అని రాసున్నవన్నీ మొదటి ఆటలో పక్కన పడేయండి.

ఇద్దరిలో ఒకరే పూర్తిగా నేర్చుకోవడం మంచిది, రెండోవాళ్లు టేబుళ్లున్న ఆ ఒక్క షీట్ చూస్తే చాలు. ఇద్దరూ సగం సగం చదివితే ఆట కాదు, వాదన జరుగుతుంది. కాకపోతే ఇందులో ఒక ప్రమాదం, చెప్పినవాడే గెలుస్తుంటాడు, మధ్యలో "అదెలా, నాకు ఈ రూల్ చెప్పలేదుగా" అని ముఖాలు మాడతాయి. అందుకే నేర్పేవాళ్లు అవతలివాళ్ల ఎత్తు పూర్తవ్వకముందే "అలా చేస్తే నేను ఇలా కొడతా, ఆలోచించుకో" అని నోటితో చెప్పేయాలి. మొదటి ఆటలో అంతే, రెండో ఆట నుంచి దయాదాక్షిణ్యాలు వద్దు. తర్వాతి గేమ్‌కి నేర్పే పని మార్చుకోండి.

మధ్యలో డౌట్ వస్తే రెండు నిమిషాలకి మించి వెతకొద్దు. దొరక్కపోతే డైస్ వేసి తేల్చేసి, ఆ డౌట్ ఒక కాగితం మీద రాసి, ఆట అయ్యాక చూడండి. తప్పుగా ఆడతాం కదా అని బెంగ వద్దు. యుద్ధం గెలిచాక ఖాళీ అయిన గడిలోకి ముందుకు వెళ్లొచ్చు అనే రూల్‌ని నేను ఒక గేమ్‌లో ఆరు ఆటల దాకా మర్చిపోయా, "ఇందులో దాడి చేసేవాడికి ఏ లాభం లేదు, డిజైన్ బాలేదు" అని అందరికీ చెప్పుకు తిరిగా కూడా.

కంప్యూటర్ సాయం గురించి కూడా అడిగారు. వాసల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, బోర్డూ కౌంటర్లూ స్క్రీన్ మీద ఉంటాయి, రూల్స్ మాత్రం మనమే పాటించుకోవాలి. ర్యాలీ ద ట్రూప్స్ అనే సైట్‌లో అయితే రూల్స్ అదే చూసుకుంటుంది, హ్యామర్ ఆఫ్ ద స్కాట్స్, జూలియస్ సీజర్ లాంటివి బ్రౌజర్‌లోనే ఆడొచ్చు. ఇక్కడ నా అభిప్రాయం కొంచెం మొండిది, మొదటి రెండు ఆటలూ బోర్డు మీదే ఆడండి. రూల్స్ మెషీన్ చూసుకుంటే అది ఎక్కడ నొక్కనిస్తే అక్కడ నొక్కడం అలవాటవుతుంది, ఎందుకు నొక్కనివ్వలేదో తెలీదు. ట్వైలైట్ స్ట్రగుల్ కంప్యూటర్ వెర్షన్ 2016 నుంచి ఉంది, కార్డులు కంఠతా రావడానికి అది బాగా పనికొస్తుంది, మూడో ఆట తర్వాత వాడండి.

సామాన్ల సంగతి రెండు ముక్కల్లో: కాగితం మ్యాప్ మీద పారదర్శక ప్లాస్టిక్ షీట్ పరచండి, ఇరుకు గళ్ల దగ్గర పట్టకారు వాడండి, కౌంటర్లని పక్షాలవారీగా విడి కవర్లలో పెట్టండి. సర్దడానికే గంట పట్టే గేమ్‌ని వారం తర్వాత ఎవరూ బయటికి తియ్యరు.

ఈ వారాంతం మాస్కో రెండుసార్లు ఆడండి, సైడ్స్ మార్చుకుని. రెండోసారి సోవియట్ ఆడినవాళ్లు బురద టర్న్‌లలో వెనక్కి తగ్గి లైన్ సర్దుకున్నారా, లేక ఉన్నచోటే నిలబడ్డారా అనేది ఇక్కడ రాయండి, పాథ్స్ ఆఫ్ గ్లోరీకి ఎప్పుడు వెళ్లొచ్చో దాన్ని బట్టి చెప్తా.